దాలమ్మ కాగితంలో మాట

కొత్తవలసకి కూతవేటు దూరంలో ఉన్న ముసాఫరీ బంగళాకి రెండు దారులుండేవి. ఎదర దారికి గులకరాళ్ళు పరిచారు. జీపులూ, దొరలూ వచ్చేది దాని మీదనే. వెనక దారిని ఎవరూ వెయ్యలేదు. నూతి దగ్గర్నుంచి స్నానాల గదిదాకా ముప్ఫై ఏళ్ళపాటు ఒక్క మనిషే నడిచి నడిచి గాడి పడిన దారి అది. వాన వెలిశాక ఆ గాడిలో నిలిచిన నీళ్ళు చూసి, "ఇది మా దాలమ్మప్ప పాదం కొలత" అని బంగళా వాచరు అప్పలస్వామి వచ్చినవాళ్ళకల్లా చూపించేవాడు.

దాలమ్మ ఆ బంగళాకి నీళ్ళ మనిషి. తెల్లవారకుండా నూతిలో చేద వేసిందంటే స్నానాలకి, వంటకి, పూల మొక్కలకి, ఆఖరికి జీపు చక్రాలు కడగడానికి కూడా నీళ్ళు ఆవిడ భుజం మీంచే రావాలి. స్నానాల గదికి పెరటివైపు ఓ పొట్టి తలుపు ఉంది. ఆ తలుపు తీసి, గాబులో బిందె ఒంపి, మళ్ళీ చేరవేసి వచ్చేసేది. గదికి లోపలివైపు ఇంకో తలుపుంది. దాని అవతల దొరలు పడుకునే గది. ఆ గదిలో మంచం ఏ మూలనుందో, అద్దం ఉందో లేదో దాలమ్మ ఎరగదు.

ఎరగకపోవడం ఆవిడ తనకు తానుగా పెట్టుకున్న నియమం. మొగుడు లక్ష్ముడు ఆ బంగళాకే వాచరుగా ఉండేవాడు. దొరతో మన్నెం క్యాంపుకి సామాను మోసుకెళ్ళి, జ్వరం తెచ్చుకుని, పది రోజుల్లో పోయాడు. అప్పటికి దాలమ్మకి ఇరవై నిండలేదు, కడుపు పండలేదు. మూడో నెలలో దొర కబురు పెట్టి నీళ్ళ పనిలోకి రమ్మన్నాడు. మొగుడు పోయిన పడుచు బంగళా కొలువుకి పోతే ఊరు ఊరుకుంటుందా? అత్తగారి ఎదుట పసుపు గడపని ముట్టుకుని, "తానాల గది లోపలి తలుపు దాటితే నా కాళ్ళిరిగిపోవాల" అని ఒట్టు పెట్టుకుంది. అత్తగారు పోయి పద్దెనిమిదేళ్ళయింది. దాలమ్మ ఒట్టు మాత్రం అలాగే ఉంది. కిరండూలు రైలుదారి వేసిన రోజుల్లో ఇంజనీర్లు వరండాలో కూడా మంచాలు వేసుకుని పడుకునేవారు. రోజుకి వంద చేదలు పైచిలుకు తోడింది. ఆ రోజుల్లోనే కుడి భుజం దిగజారిపోయి, జాకెట్టు ఒకవైపు వేలాడటం మొదలెట్టింది. అప్పుడూ లోపలి తలుపు ముట్టుకోలేదు.

అలాంటి బంగళాకి అరవై ఎనిమిది వేసవిలో కరెంటు వచ్చింది. కరెంటు వెనకాలే నూతిమీదికి మోటారు, మోటారు వెనకాలే విజయనగరం ఆఫీసు నుంచి ఉత్తరువు. ఇక నీళ్ళ మనిషి అక్కర్లేదు. అయితే స్వతంత్రం రాకముందు నుంచీ పనిలో ఉన్నట్టు కాగితం చూపించినవాళ్ళకి అక్కడే మొక్కల పనో, ఊడ్చే పనో ఇస్తారు. చూపించలేనివాళ్ళకి జ్యేష్ఠమాసం దాటాక పని లేదు.

పాత రిజిస్టర్లు ఎప్పుడో తుపానులో తడిసి, ఆరబెట్టకుండా బీరువాలో పడేస్తే చెద తినేసింది. దాలమ్మ దగ్గర మిగిలిందల్లా ఒక్క కాగితం. తనని పనిలోకి పిలిచిన దొర ఇచ్చింది. ఆయన పేరు ఆవిడకి నోరు తిరిగేది కాదు. బుగ్గమీద మచ్చ ఉండేది కాబట్టి బుగ్గమచ్చ దొర అనేది. ఆయన బదిలీ అయి వెళ్ళిపోయేముందు వరండా మెట్లమీద నిలబడి ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి, దాచుకోమని చేత్తో సైగ చేసి ఇచ్చాడు. దాన్ని తాటాకు ముక్కల మధ్య పెట్టి పౌడరు డబ్బాలో దాచింది. ఏడాదికోసారి ఎండలో పెట్టి, దులిపి, మళ్ళీ డబ్బాలో పెట్టేది. అందులో ఏముందో ఎవరినీ అడగలేదు. పనిలో పెట్టుకున్నానని రాసి ఉంటాడు, ఇంకేం రాస్తాడు?

విజయనగరం వెళ్ళడానికి పక్కింటి జగ్గమ్మ తోడొచ్చింది. జగ్గమ్మకి ఆఫీసు లోపలెలా ఉంటుందో చూడాలని ఎప్పటి నుంచో కోరిక. పాసింజరు దిగి, ఎండలో నడిచి, ఆఫీసు వరండాలో రెండు గంటలు కూచున్నాక లోపలికి పిలిచారు. బల్ల దగ్గర సీతారామారావు అనే గుమాస్తా ఉన్నాడు. బియ్యే పాసై ఏడాది కాలేదు. మీసం కూడా ఇంకా సరిగా రాలేదు. కాగితం తీసుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. పెదవి కొరుక్కున్నాడు.

"ఎవరిచ్చారు నీకిది?"

"బుగ్గమచ్చ దొర ఇచ్చినాడు బావూ. ముప్పయ్యేళ్ళవుతాది."

"ఇందులో ఏముందో తెలుసా?"

"నాకేటి తెల్సును బావూ. పన్లో ఎట్టుకున్నట్టు రాసినాడని అనుకుంటన్నాను."

"పనిలో పెట్టుకున్నానని ఎక్కడా లేదు. ఎంటర్‌టెయిన్డ్ అని ఉంది." కాగితం ఆవిడ వైపు తిప్పి, ఆవిడకి చదువొచ్చినట్టు వేలు పెట్టి చూపించాడు. "సినిమా టిక్కెట్టు మీద చూళ్ళేదూ, ఎంటర్‌టెయిన్‌మెంటు టాక్సు అని? అంటే వినోదం. దొర నీకు వినోదం చేశాట్ట. నువ్వు దొరకి అన్నివిధాలా తృప్తి కలిగించావట. కింద సంతకం."

పక్క బల్ల దగ్గర ఎవరో దగ్గినట్టు నవ్వారు. దాలమ్మకి మొదట అర్థం కాలేదు. జగ్గమ్మ ముఖం చూశాక అర్థమయింది. కొంగు తీసుకుని భుజం నిండా కప్పుకుంది.

"తప్పు సదువుతన్నారేమో బావూ."

"నేను బియ్యే మామ్మా," అన్నాడు సీతారామారావు. మాటలో కోపం లేదు. చిన్నబుచ్చుకున్నట్టు ఉంది. "ఈ కాగితంతోనే అర్జీ పెడతానంటే పెట్టుకో. కాదనను. కాని ఫైల్లోకి వెళితే పైదాకా అందరూ చదువుతారు. నెలాఖరుదాకా గడువుంది, ఆలోచించుకో."

తిరుగు రైల్లో కోరుకొండ దాటేదాకా జగ్గమ్మ నోరు మెదపలేదు. అంతసేపు నోరు మెదపకుండా ఉండటం ఆవిడ జన్మలో అదే మొదలు. అలమండ దగ్గర ఇంక ఆగలేకపోయింది.

"ఒదినా, నాను ఎవుల్తోనూ అనను గానీ, ఆ దొర పాట గట్రా పాడినాడేటి నీకు?"

"నా బతుక్కి పాటొకటి."

"మరి వినోదమంటే ఏటి?"

"రాసినోడికి తెలవాల. ఆడు సచ్చి ఏ సముద్రం అవతలున్నాడో."

"తృప్తి అంటే మాత్రం..."

"జగ్గమ్మా, ఇంక మాటాడకు. నాకు దాహమేస్తన్నాది."

జగ్గమ్మ నిజంగానే ఎవరితోనూ అనలేదు. ఒక్క తోటికోడలితో అంది. అది కూడా, "ఎవుల్తోనూ అనకు" అని చెప్పి మరీ అంది. మూడో రోజుకి వీధి నూతి దగ్గర దాలమ్మ కనబడగానే మాటలు ఆగిపోవడం మొదలయింది. మాటలు ఆగితే ఫరవాలేదు. మాటలు ఆపడం చేతకాని మనిషి కూర్మమ్మ.

"అప్పా, నిన్ను సినిమాలో ఏస్తారంట గదా," అంది చేద లాగుతూ. "మాకు ఉత్తినే సూపిత్తావా, టిక్కెట్టు కొనమంటావా?"

దాలమ్మ బిందె ఎత్తుకుని వచ్చేసింది. ఒకప్పుడయితే కూర్మమ్మ జుట్టు పట్టుకునేది. ముప్ఫై ఏళ్ళ కిందట అలా పట్టుకుంది కూడా, ఇంకెవరిదో. ఇప్పుడు చెయ్యి భుజం దాటి పైకి లేవదు.

ఇంట్లో కూచుని ఆలోచించింది. దొరని దగ్గరగా చూసింది మూడే మూడుసార్లు. లక్ష్ముణ్ణి ఎడ్లబండిలో తెచ్చి దింపిన రోజు. పనిలోకి రమ్మన్న రోజు. కాగితం ఇచ్చిన రోజు. ఆ మూడుసార్లూ ఆయన నవ్వలేదు. ఆ సంగతి బాగా గుర్తు. కాని ఆ ఆలోచన వెనకాలే ఇంకోటి పురుగులా వచ్చి చేరింది. దొర గదికి నూతివైపు కిటికీ ఉండేది. తను వంగి చేద లాగుతుంటే, చీర ఎగదోపుకుని బిందె మోస్తుంటే, జారిపడ్డ రోజున, ఏడ్చుకుంటూ తోడిన రోజున, ఆ కిటికీలోంచి చూసి ఆ మనిషి వినోదపడ్డాడేమో. తనకి తెలియకుండానే తను వాడికి ఆటబొమ్మయిందేమో. లోపలి తలుపు దాటకపోతే సరిపోతుందనుకుంది. కిటికీ మాట తోచనే లేదు.

ఆ పురుగు పట్టాక అన్నం సయించలేదు. కాగితం డబ్బాలో పెట్టి మూత బిగించేసింది. అర్జీ పెట్టకూడదని నిశ్చయించుకుంది. పెట్టకపోతే పని పోతుంది. పోతే పొలాల్లో ఊడుపుకి వెళ్ళాలి. ఈ భుజంతో ఎవరు పిలుస్తారు? నీడపట్టున కూచుని నాలుగు మొక్కలకి నీళ్ళు పోసుకునే పని చేజారిపోతున్నదని తెలిసే ఊరుకుంది. రోజులు మాత్రం ఊరుకోలేదు. గడువు వారం రోజుల్లోకి వచ్చింది.

ఆ వారం మొదట్లో పొద్దున్నే జగ్గమ్మ వచ్చి గుమ్మంలో కూచుంది.

"ఒదినా, నాకు నిద్దర పట్టడం నేదు."

"నాకు పడతన్నాదనుకున్నావేటి?"

"తప్పు సేసినాను, ఒప్పుకుంటన్నాను. తోటికోడలు నోరు మంచిది కాదు."

"నీ నోరు మంచిది మరి."

"తిట్టు, పడతాను. కానీ నాకోటి సెప్పు. ఆ కుర్రోడు సెప్పిందే నిజమని ఏటి నమ్మకం? దొర రాసిన నాటికి ఆడు పుట్టనే నేదు. పంతులు బాబుకి సూపిద్దాం పద."

"ఇంకో మగోడు సదివితే ఇనమంటావా నన్ను?"

జగ్గమ్మ లేచి, లోపలికి వెళ్ళి, దూలం మీదనున్న డబ్బా తీసి చంకలో పెట్టుకుని వీధిలోకి నడిచింది. ఆ కాగితంలో నిజంగా ఏముందో తెలుసుకోకపోతే ఆవిడ ప్రాణం పోయేలా ఉంది. దాలమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా వెనకాల పరుగెత్తింది. పరుగు అంటే పేరుకే. రోడ్డు మలుపుదాకా వచ్చేసరికి ఆయాసం వచ్చి నడిచింది.

నారాయణమూర్తి పంతులు ఒకప్పుడు విజయనగరంలో నకలు గుమాస్తా. పించను పుచ్చుకుని పదేళ్ళయింది. కొత్తవలస పోస్టాఫీసు పక్కన తన ఇంటి రేకుల పంచలో కూచుని ఉత్తరాలూ అర్జీలూ రాస్తాడు. కళ్ళజోడులో ఒక అద్దం పగిలింది. చదివేటప్పుడు తల ఓ పక్కకి వాల్చి, బాగున్న అద్దంలోంచి చూస్తాడు. కాగితాన్ని అలాగే చూశాడు. నవ్వలేదు.

"చేతిరాత ముత్యాల్లా ఉందే," అన్నాడు.

"రాత ఎవులిక్కావాల బాబూ," అంది జగ్గమ్మ. "వినోదం ఉన్నాదా నేదా?"

"వినోదమేమిటి?"

జగ్గమ్మ ఆఫీసులో జరిగిందంతా ఊపిరి తీసుకోకుండా చెప్పింది. దాలమ్మ పంచ అంచున, మొహం రోడ్డువైపు పెట్టుకుని కూచుంది. పంతులు విని, కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడుచుకున్నాడు.

"పిచ్చివాడు. దానర్థం అది కాదు. దొర నిన్ను ఉంచుకున్నాడని."

దాలమ్మ గబుక్కున లేచింది. జగ్గమ్మ నోరు తెరుచుకుపోయింది.

"పనిలో," అన్నాడు పంతులు కంగారుగా. "పనిలో తల్లీ, పనిలో ఉంచుకున్నాడని. కూచో. మన మాటా అంతే చూశావా? 'పనిలో' అన్న ముక్క జారిపోతే మిగతాది ఎక్కడికి పోతుందో. ఇంగ్లీషువాడి మాటా అలాగే జారింది."

ఆయన కూడా కాగితాలు దాచుకునే మనిషే. ఇంట్లోకి వెళ్ళి రేకుపెట్టె తెచ్చి, అడుగునుంచి పసుపు పచ్చబారిన కాగితం ఒకటి తీశాడు. పంతొమ్మిది వందల ఇరవైఏడులో ఆయనకొచ్చిన మొదటి ఉద్యోగపు ఉత్తరువు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఒక మాట మీద గోరు పెట్టాడు.

"చూడు. ఇక్కడా అదే, అక్కడా అదే. నారాయణమూర్తి అనువాణ్ణి నకలు గుమాస్తాగా ఎంటర్‌టెయిన్ చేయడమైనది. నేనేం పాటలు పాడానా, గజ్జెలు కట్టానా? ఆ రోజుల్లో కొలువులోకి తీసుకోవడానికి అదే మాట. తృప్తి అన్నది పని గురించి. పని బాగా చేసింది అని. దొరలందరూ అలాగే రాసేవారు, వంటవాడికైనా, బంట్రోతుకైనా."

"మరి సినిమా టిక్కెట్టు మీదికి ఎలగొచ్చినాది బాబూ?" అంది జగ్గమ్మ. ఆవిడకి సగం తెలిస్తే చాలదు.

పంతులుకి ఇలాంటివి అడిగేవాళ్ళు కరువు. సర్దుకుని కూచున్నాడు.

"మొదట ఆ మాటకి పట్టి ఉంచడం అని అర్థం. మనిషిని కొలువులో పట్టి ఉంచినా అదే మాట. ఇంటికొచ్చిన చుట్టాన్ని పోనివ్వకుండా ఉంచి అన్నం పెట్టినా అదే మాట. చుట్టం ఊరికే కూచుంటే తోచదు కదా, నాలుగు కబుర్లు చెబుతాం, ఎవరో ఓ పాట పాడతారు. పోనుపోను అన్నం మరిచిపోయారు, కొలువు మరిచిపోయారు. పాట ఒక్కటే మిగిలింది. దాని మీద సర్కారు పన్ను వేసింది. ఆ కుర్రాడు పుట్టేసరికి మిగిలింది అదీ."

"అంటే," అంది దాలమ్మ. "దొర నన్ను సూసి నవ్వుకోనేదా బావూ?"

పంతులు ఆవిడ వైపు కాసేపు చూశాడు. "లేదమ్మా. పనిలోకి తీసుకున్నానని రాశాడు. బాగా చేసిందని రాశాడు. అంతకంటే ఇందులో ఏమీ లేదు."

దాలమ్మ మళ్ళీ కూచుంది. కళ్ళనీళ్ళు రాలేదు. ఒళ్ళంతా ఒక్కసారిగా బరువెక్కినట్టయింది. పదిహేను రోజులుగా నెత్తిమీదున్న బిందె ఎవరో దింపితే మెడ ఎలా పీకుతుందో అలా పీకింది. పంతులు భార్య ఇచ్చిన మజ్జిగ తాగి, గోడకి జారబడి, అక్కడే కాసేపు కళ్ళు మూసుకుంది.

ఆ పూటే అర్జీ రాశారు. పంతులు తన పాత ఉత్తరువు కూడా దాలమ్మ చేతికిచ్చాడు, గుమాస్తాకి చూపించి తెమ్మని. మర్నాడు మళ్ళీ పాసింజరు, మళ్ళీ వరండా, మళ్ళీ అదే బల్ల. సీతారామారావు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"కాలేజీలో ఇలా చెప్పలేదు మామ్మా," అన్నాడు నెమ్మదిగా.

"పోన్లే బావూ. నువ్వేటి సేస్తావు. సిన్నోడివి."

పంతులు ఉత్తరువు మడత చెడకుండా తిరిగిచ్చేసి, అర్జీకి దొర కాగితం నకలు తనే రాసి జతచేశాడు. పైకి పంపిస్తానన్నాడు. వరండాదాకా వచ్చి, మంచినీళ్ళ కుండ ఎక్కడుందో చూపించాడు.

జగ్గమ్మ ఏ నోటితో దాలమ్మ పేరు వీధిలో పెట్టిందో అదే నోటితో తుడిచింది. గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, "పట్టి ఉంచడం, తర్వాత చుట్టానికి అన్నం, తర్వాత పాట" అని పంతులు చెప్పిందంతా అప్పజెప్పింది. కూర్మమ్మ మాత్రం, "అయితే నాను మా మావని ఎంటర్‌టెయిను సేసినట్టే గదేటి, మూడేళ్ళై కదలకుండా తింటన్నాడు" అని నవ్వింది. ఆ నవ్వులో ముల్లు లేదు కాబట్టి దాలమ్మ కూడా పెదవి కదిపింది.

జ్యేష్ఠం వెళ్ళింది. జవాబు రాలేదు. మోటారు మొదలయింది. మీట నొక్కితే చాలు, నుయ్యి గుర్రుమని నీళ్ళు కక్కేది. స్నానాల గదిలో కుళాయి పెట్టారు, పెరటి తలుపుకి గడియ వేశారు. అయినా దాలమ్మ రోజూ వెళ్ళేది. జవాబు వచ్చేదాకా పనిలో ఉన్నట్టే కదా అని మొక్కలకి నాలుగు బిందెలు చేదతోనే తోడి పోసి, నూతి గట్టుమీద కూచునేది. వానలు పడ్డాక మొక్కలకి ఆ నాలుగు బిందెలూ అక్కర్లేకపోయాయి. వెనక దారిలో గడ్డి మొలవడం మొదలెట్టింది.

శ్రావణంలో ఒక మంగళవారం పంతులు కబురు పెట్టాడు, ఆఫీసు కవరు వచ్చిందని. దాలమ్మా, జగ్గమ్మా వెళ్ళేసరికి కవరు చింపి, తల వాల్చి, పెదవులతో చదువుకుంటున్నాడు. గొణిగిన ఇంగ్లీషు ముక్కల్లో ఒకటి దాలమ్మ చెవిన పడింది.

"బావూ, ఆ మాటేనా?"

"ఏ మాట?"

"ఎంటర్‌టెయిను. ఇప్పుడు సదివినారు గదా. ఉన్నాదా అందులో?"

పంతులు తల ఎత్తలేదు. "ఉంది," అన్నాడు.

దాలమ్మ జగ్గమ్మ చెయ్యి పట్టుకుంది. "తీసుకున్నారే," అంది చిన్నగా. "ఆ మాటే రాసినారు. మల్లీ తీసుకున్నారు నన్ను."

"సెప్పినాను కాదా ఒదినా. సెప్పినాను కాదా." జగ్గమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది, తనదీ, దాలమ్మదీ కూడా.

పంతులు కళ్ళజోడు తీసి కవరు మీద పెట్టాడు. పగిలిన అద్దం మీదకి ఈగ వచ్చి వాలింది. దాన్ని తోలాడు. మళ్ళీ వాలింది.

"దాలమ్మా, ఆ మాటకి ముందు ఇంకోటి ఉందమ్మా. లేదు అని."

"నేదంటే?"

"ఇప్పుడు ఆఫీసుల్లో ఆ మాట ఇంకో రకంగా వాడుతున్నారు. అర్జీని చేతికి తీసుకుని విచారించడం అని. నీ అర్జీ విచారించడానికి వీల్లేదని రాశారు. దొర కాగితం మీద ఆఫీసు ముద్ర లేదట. సంతకం ఎవరిదో రుజువు లేదట."

"కాయితంలో ఏముందో సదివినారా మరి?"

"చదివారో లేదో. చదవక్కర్లేకుండానే ఈ ముక్క రాయొచ్చు."

రోడ్డుమీద ఎడ్లబండి ఒకటి వెళ్ళింది. ఇంకో అర్జీ పెడదాం, కలెక్టరుకి పెడదాం, అన్నాడు పంతులు. ఆయన గొంతులో కూడా పదును లేదు. దాలమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఒద్దు బావూ. ఆ మాట నాకు అచ్చిరానేదు. ఒక పాలి అర్థం తెలిసినాదనుకునేతలికి ఇంకో పాలి మారిపోతన్నాది. దాని ఎనక తిరగనేను. కాళ్ళు పీకుతన్నాయి."

మర్నాడు బంగళాకి వెళ్ళింది. చేంతాడు చుట్టి గిలకకి తగిలించింది. బిందె తోమి నూతి గట్టుమీద బోర్లించింది. అప్పలస్వామి టీ పోస్తే వరండా మెట్టు కింద నిలబడే తాగింది. "ఇంకేటి అప్పా, ఓ పాలి లోపలికొచ్చి సూసి పో," అన్నాడు అప్పలస్వామి. "ముప్పయ్యేళ్ళు నీళ్ళు పోసినావు, గది సూడనేదు." దాలమ్మ తెరిచి ఉన్న తలుపువైపు చూసింది. లోపల చీకటిగా ఉంది. ఏదో తెల్లటి గుడ్డ వేలాడుతోంది. "ఏటుంటాది, మంచమే గదా," అని గ్లాసు కడిగి ఇచ్చేసి వచ్చేసింది.

ఆ తరువాత షావుకారు ఇంటినుంచి బుట్టలతో వేరుసెనగ కాయలు తెచ్చుకుని జగ్గమ్మ అరుగుమీద ఒలిచేవారిద్దరూ. ఎడంచేత్తో ఒలవడం దాలమ్మ నేర్చుకుంది. పౌడరు డబ్బా మళ్ళీ దూలంమీదికి వెళ్ళింది.

"ఇంకెందుకే ఒదినా ఆ కాయితం?" అని ఒకరోజు జగ్గమ్మ అడిగింది.

"ఉండనీ. పని బాగా సేసినానని ఉన్నాది అందులో."

ఆశ్వీజంలో రెండు రోజులు గాలివాన కొట్టింది. ఎక్కడో స్తంభాలు పడి కరెంటు పోయింది. మూడో రోజు మధ్యాహ్నం అప్పలస్వామి తడుస్తూ సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.

"అప్పా, బేగి రావాల. హైదరాబాదు ఆఫీసరు దిగినాడు. ఒంటినిండా సబ్బు రాసుకునేతలికి కుళాయి ఆగిపోనాది. టాంకీలో సుక్క నేదు. లోపల్నించి కేకలేస్తన్నాడు. రెండు బిందెలు పోసీసి వొచ్చీ."

జగ్గమ్మ ఒలుస్తున్న కాయ కింద పడేసింది. ముందు భుజాలు కదిలాయి, తరువాత పొట్ట, తరువాత మనిషంతా. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే, "ఒదినా, వినోదమంటే ఇదేనేటే," అంది.

అప్పలస్వామి నవ్వలేదు. వాడి బాధ వాడిది. "నవ్వులాట కాదప్పా. నా ఉజ్జోగం పోతాది."

"తాడు గిలకమీదే ఒగ్గీసి వొచ్చినాను," అంది దాలమ్మ. "బిందె గట్టుమీదున్నాది. నీకు రెండు భుజాలూ బాగున్నాయి గదా, తోడి పొయ్యి. పెరటి తలుపు గడియ తీసుకో."

అప్పలస్వామి కాసేపు నిలబడి, సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు. బురదలో చక్రం గుర్తు పడింది. వాన మళ్ళీ సన్నగా అందుకుంది. ఈపాటికి ఆ సబ్బు ఒంటిమీదే ఎండిపోయి ఉంటుంది, గోకితే పెళ్ళలు పెళ్ళలుగా వస్తుంది, అనుకుంది దాలమ్మ. లేవాలని కాళ్ళకి ఒక క్షణం అనిపించింది కూడా. ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఆ కాళ్ళని అరుగుమీదికి లాక్కుని, కుడి భుజాన్ని ఎడంచేత్తో పట్టుకుని, బుట్ట దగ్గరకి జరుపుకుంది.